సముద్రాలు నాలుగా, ఏడా? పావులూరి మల్లన పద్యంలో తేడా వస్తోంది

మా అమ్మాయికి చదరంగం గింజల లెక్క చెబుతూ, తెలుగులో గణితాన్ని పద్యాల్లో రాసిన పాతకాలపు కవి మల్లన పద్యం తీశాను. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని అనేది.

శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగాగ్నిభూ
ధరగగనాబ్ధివేదగిరితర్కపయోనిధిపద్మజాస్యకుం
జరతుహినాంశుసంఖ్యకు...

ఇందులో అంకెలకు బదులు మాటలుంటాయి: వేదాలు నాలుగు కాబట్టి ‘వేద’ అంటే 4, అలా. మాటకో అంకె వేసి, కుడి నుంచి ఎడమకు రాశాను. 18476747073709551615 వచ్చింది. తను ఫోన్‌లో కొడితే 18446744073709551615. తప్పు నాదా, పద్యానిదా?

▪ పద్యానిది కాదండీ. మీరు అబ్ధికీ పయోనిధికీ ఏడు వేశారు. సప్తసముద్రాలు మనకు నోట్లో నానిన మాట కాబట్టి అలా వస్తుంది. ఈ సంకేతాల్లో మాత్రం సముద్రం మామూలుగా నాలుగు, దిక్కుకొకటి. ఏడు కొండలది: నగ, భూధర, గిరి మూడూ ఏడే. శర, సాయక అంటే మన్మథుడి బాణాలు, ఐదు. రంధ్రం తొమ్మిది, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది.

▪ నేనైతే మొదటిసారి పాదం చివరి ‘భూ’ దగ్గర ఆగిపోయి ఒకటి వేసేశాను. భూమి ఒకటేగా! 21 అంకెలు వచ్చాయి. అది కింది పాదంలోని ‘ధర’తో కలిసి భూధర. ‘కుం’ కూడా అంతే, కుంజర.

ఇంకో సంగతి. ఆరుకు మొదటి పాదంలో నేరుగా ‘షట్క’ అన్న కవి, రెండో పాదంలో ‘తర్క’ అన్నాడు. ఇది చంపకమాల. పదకొండో అక్షరం దగ్గర యతి. పాదం ‘ధ’తో మొదలైంది కాబట్టి అక్కడ ‘త’ సరిపోతుంది, ‘ష’ పెడితే యతి పోతుంది. పై పాదంలో ‘శ’కు ‘సాయక’లోని ‘సా’ కూడా అందుకే వచ్చింది. అంకె మారకూడదు, యతి తప్పకూడదు. పర్యాయపదాలు లేకపోతే ఈ పద్యం కుదిరేదే కాదు.

▪ లెక్కల మాస్టారిగా నాదో మాట. పద్యం విప్పాక సరిచూసుకోవడానికి 3తో, 5తో భాగించి ఊరుకోకండి. నాలుగు బదులు ఏడు వేస్తే అంకెల మొత్తం మూడు పెరుగుతుంది, కాబట్టి 3 పట్టుకోలేదు. చివర 5 ఉండనే ఉంది. 17తో చూడండి. ఎందుకంటే 2ను 8 సార్లు వేసి గుణిస్తే 256, ఒకటి తీస్తే 255, అంటే 3×5×17. అలాంటి 256లు ఎనిమిది గుణిస్తే వచ్చేదాంట్లోంచి ఒకటి తీసేసిందే మన సంఖ్య, కనుక 255 దాన్ని శేషం లేకుండా భాగిస్తుంది. మిగతా ప్రధాన కారణాంకాలు 257, 641, 65537, 6700417. ఆ 641కి పెద్ద కథే ఉంది. 2ను 32 సార్లు గుణించి ఒకటి కలిపితే ప్రధాన సంఖ్యే వస్తుందని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 641 దాన్ని భాగిస్తుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు.

▪ మాస్టారూ, నా సంఖ్యను 17తో భాగించాను. 8 మిగిలింది. కాగితం మా అమ్మాయి దాచిపెట్టుకుంది, మళ్లీ చూపించడానికట.