క్రానిక్ ఫటీగ్‌కి వాకింగ్ పెంచుకుంటూ పోవాలంట, ఈ ట్రయల్‌ని నమ్మొచ్చా?

కూకట్‌పల్లి తమ్ముడు:
మా అక్కకి క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అన్నారు, అంతకుముందు థైరాయిడ్, బి12, షుగర్ అన్నీ చూశారు అన్నీ నార్మలే. ఇప్పుడు ఫిజియో ఏమో వారం వారం వాకింగ్ పెంచు అంటున్నాడు, బ్రిటన్‌లో పెద్ద ట్రయల్ చేస్తే 22 శాతం మంది కోలుకున్నారని పేపర్ కూడా వాట్సాప్ చేశాడు. కానీ మొన్న మెట్రో స్టేషన్లో లిఫ్ట్ పనిచేయక మెట్లెక్కింది, ఆ రోజు బానే ఉంది, రెండో రోజు నుంచి నాలుగు రోజులు మంచం దిగలేదు. బావ అయితే బద్ధకం అంటాడు. ఆ పేపర్ నిజమేనా?

లెక్కల పిచ్చోడు:
అది పేస్ ట్రయల్ బ్రదర్, 641 మందితో చేశారు, 2011లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నీ 22 శాతం 2013 పేపర్‌లోది. చేరాలంటే ఒంట్లో ఓపిక గురించిన ప్రశ్నల్లో 100కి 65 లోపు రావాలి. కోలుకున్నట్టు లెక్కేయాలంటే ముందు 85 అని రాసుకున్నారు, తర్వాత దాన్ని 60కి దించేశారు! అంటే 65 లోపు వచ్చినోళ్లనే ట్యూషన్‌లో చేర్చుకుని చివర్లో 60 వస్తే పాస్ అన్నట్టు. (వేరే షరతులు కూడా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి.) అలెమ్ మాథీస్ అని ఆస్ట్రేలియా పేషెంట్ డేటా అడిగితే ట్రయల్ చేసిన యూనివర్సిటీ ఇవ్వనంది, 2016లో ట్రిబ్యునల్ ఇవ్వాల్సిందే అంది. పాత రూల్‌తో మళ్లీ లెక్కేస్తే ఎక్సర్‌సైజ్ గ్రూపులో 4 శాతం, ఏ థెరపీ లేకుండా డాక్టర్‌ని మాత్రమే కలిసినోళ్లలో 3. పైగా ఎవరికే థెరపీ ఇస్తున్నారో పేషెంట్లకి ముందే తెలుసు.

సుజాత, మెహదీపట్నం:
ఎక్సర్‌సైజ్‌కి ఉత్తుత్తి మాత్ర లాంటిది ఎక్కడ తెస్తారండీ, ఎవరికేం ఇస్తున్నారో తెలిసిపోతుంది కదా, అందుకని ట్రయల్ అంతా తప్పంటే ఎలా?

లెక్కల పిచ్చోడు:
కరెక్టే మేడమ్, అప్పుడు "ఎలా ఉంది" అని అడగడం కాకుండా కొలిచేదాని మీద ఆధారపడాలి కదా. కాలికి కట్టే కదలికల మీటర్ మొదట్లో వాడి చివర్లో మానేశారు. ఆరు నిమిషాల నడకలో ఎక్సర్‌సైజ్ వాళ్లు 379 మీటర్లు, డాక్టర్‌ని మాత్రమే కలిసినోళ్లు 348, అంతే తేడా. ఇదే జబ్బుకి ట్రై చేసిన రిటుక్సిమాబ్ అనే మందు సంగతి చూడండి, నార్వేలో 2011లో 30 మందితో చేస్తే అద్భుతం అన్నారు, 2019లో 151 మందితో చేస్తే మందు తీసుకున్నోళ్లలో 26 శాతం, ఉత్తుత్తి మందు వాళ్లలో 35 శాతం మెరుగయ్యారు!

సుజాత, మెహదీపట్నం:
అయ్యో, ఉత్తుత్తిదే గెలిచిందా. సరే తమ్ముడూ, 2021లో బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్స ఇవ్వాలో చెప్పే నైస్ సంస్థ గైడ్‌లైన్ కూడా ఆ వారం వారం పెంచే పద్ధతి ఇవ్వొద్దనేసింది. మా పిన్నికి ఇదే జబ్బు, సగం ఓపిక ఉండగానే కూర్చోబెడతాం. అక్కకి ఎంత పని చేస్తే పడిపోతుందో డైరీ రాయించు, ఆ గీత దాటనివ్వకు.

కూకట్‌పల్లి తమ్ముడు:
థాంక్సండీ. ఫిజియోకి ఆ 85, 60 సంగతి పంపించా, రెండు బ్లూ టిక్కులు పడ్డాయి, రిప్లై లేదు. బావకి ఇంకా చెప్పలేదు, డైరీ రాయడం అయితే నిన్నటి నుంచి ఆయనకే అప్పజెప్పింది అక్క.