అమ్మ, నేను ఏడేళ్లుగా వాడుతున్న ఒకే ఐక్లౌడ్ ఖాతాను ఏమీ పోకుండా విడదీసుకోవడం ఎలా?

ప్రశ్న

నాకు 19 ఏళ్లు. పన్నెండో ఏట అమ్మ తన పాత ఐఫోన్‌ను నాకిచ్చినప్పుడు అందులో ఉన్న తన యాపిల్ ఖాతాను (యాపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్ కూడా దీనితోనే నడుస్తుంది) అలాగే ఉంచేసింది. ఆ తరువాత ఇద్దరి ఫోన్లూ మారాయి గానీ ఖాతా మాత్రం మారలేదు. ఇద్దరి ఫోటోలు, కాంటాక్టులు, నోట్స్, క్యాలెండర్ అన్నీ ఒకేచోట కలిసిపోయి ఉన్నాయి. నా స్నేహితురాలు ఫేస్‌టైమ్ చేస్తే అమ్మ ఫోన్ మోగడం, అమ్మ డాక్టరును కలవాల్సిన రోజు నా క్యాలెండర్‌లో కనిపించడం వంటివాటికి అలవాటుపడిపోయాం.

కిందటి వారం అమ్మ తన ఫోన్‌లో చోటు చాలడం లేదని కొన్ని వందల ఫోటోలు తొలగించింది. అవి నా ఫోన్‌లోంచి కూడా పోయాయి. ‘రీసెంట్లీ డిలీటెడ్’ ఆల్బమ్‌లో ఇంకా ఉండబట్టి అన్నీ తిరిగి తెచ్చుకున్నాం గానీ, ఆ రోజంతా అమ్మ తానేదో పెద్ద తప్పు చేసినట్టు బాధపడుతూనే ఉంది. అలా మరోసారి జరగకూడదనే విడదీసుకోవాలనుకుంటున్నాను.

మొత్తం ఫోటోలు, వీడియోలు కలిపి దాదాపు 140 జీబీ ఉన్నాయి. వాటిలో నావి 60 జీబీ వరకు ఉండవచ్చు. అమ్మ పేరు మీద 200 జీబీ ఐక్లౌడ్ నిల్వ ప్లాన్ ఉంది. నా ఫోన్ సామర్థ్యం 128 జీబీ కాబట్టి అన్నీ అందులోకి దించుకోవడం కుదరదు. వీటితోపాటు నా ఫోన్‌లో రికార్డు చేసిన తాతయ్య మాటలు కొన్ని వాయిస్ మెమోల్లో ఉన్నాయి, ఆయన ఇప్పుడు లేరు, అవి మాత్రం ఏ పరిస్థితిలోనూ పోకూడదు. పాత ఖాతా ఎవరి దగ్గర ఉండాలి, ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అన్నది తెలిసినవారు చెప్పగలరా?

మొదటి జవాబు

ఒకే ఖాతాను రెండుగా చీల్చే ఏర్పాటు యాపిల్‌లో లేదు. ఒకరు పాత ఖాతాలోనే ఉండిపోవాలి, ఇంకొకరు కొత్త ఖాతా తెరిచి తమవాటిని అందులోకి చేర్చుకోవాలి. ప్లాన్ అమ్మగారి పేరు మీద ఉంది, కొన్న యాప్‌లు కూడా ఆ ఖాతాకే చెందుతాయి కాబట్టి, బయటికి రావలసింది మీరేనని నా అభిప్రాయం.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మీ ఇద్దరికీ స్పష్టంగా ఉండాలి. ఐక్లౌడ్‌ను చాలామంది వస్తువులు దాచుకునే పెట్టె అనుకుంటారు, కానీ ఫోటోలు, కాంటాక్టులు, నోట్స్ విషయంలో అది అద్దంలా పనిచేస్తుంది. ఒక ఫోన్‌లో తీసేసినది ఆ ఖాతాలో ఉన్న ప్రతి ఫోన్‌లోంచీ పోతుంది. మీ ఇంట్లో జరిగినది సరిగ్గా అదే. తొలగించిన ఫోటోలు 30 రోజులపాటు ‘రీసెంట్లీ డిలీటెడ్’లో ఉంటాయి కాబట్టి ఈసారి గట్టెక్కారు. అందుకే, విడిపోవడం పూర్తయి, మీ ఫోటోలు కొత్త ఖాతాలో ఉన్నాయని కళ్లారా చూసుకునే వరకు ఇద్దరిలో ఎవరూ దేన్నీ తొలగించవద్దు. ‘ఇవి అమ్మవి కదా, నా ఫోన్‌లో ఎందుకు’ అనుకుని ముందుగానే శుభ్రం చేయబోయి నష్టపోయేవారే ఎక్కువ.

మీ ఫోన్‌లో ‘ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్’ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండి ఉంటుంది, లేకపోతే 128 జీబీ ఫోన్‌లో 140 జీబీ లైబ్రరీ కనిపించదు. అంటే మీ ఫోన్‌లో కనిపించే ఫోటోల్లో చాలావాటికి అక్కడ ఉన్నది చిన్న ప్రతి మాత్రమే, అసలు ఫోటో ఐక్లౌడ్‌లో ఉంది. ఈ స్థితిలో సైన్ అవుట్ చేస్తే ఫోన్‌లోంచి ఫోటోలు వెళ్లిపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు కంగారుపడకండి, అమ్మగారి ఖాతాలో అవి భద్రంగానే ఉంటాయి. అయితే దానికి ముందు మీరు తీసినవన్నీ పైకి చేరాయో లేదో చూడాలి. ఫోటోస్ యాప్‌లో కనిపించే ఫోటోల, వీడియోల సంఖ్యను ఒక కాగితం మీద రాసుకుని, కంప్యూటర్ బ్రౌజర్‌లో ఐక్లౌడ్ తెరిచి అక్కడి సంఖ్యతో పోల్చండి. రెండూ కలిసేవరకు ఫోన్‌ను వైఫైలో, ఛార్జింగ్‌లో ఉంచండి.

ఆ తరువాత మీ ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ ఒకటి తీసుకోండి. ఎన్‌క్రిప్ట్ చేయని బ్యాకప్‌లో ఆరోగ్య సమాచారం, దాచుకున్న పాస్‌వర్డులు రావు. అయితే ఐక్లౌడ్‌లో మాత్రమే ఉన్న అసలు ఫోటోలు ఏ బ్యాకప్‌లోనూ ఉండవు కాబట్టి, ఫోటోలకు దీన్నే రక్షణగా భావించకండి. తాతయ్యగారి రికార్డింగులను మాత్రం బ్యాకప్‌కు కూడా వదిలిపెట్టవద్దు. ఒక్కొక్క వాయిస్ మెమోను షేర్ ద్వారా ఫైల్స్ యాప్‌లోకి పంపి, అక్కడినుంచి కంప్యూటర్‌లోకీ ఒక పెన్‌డ్రైవ్‌లోకీ కాపీ చేసి, రెండుచోట్లా చివరిదాకా వినిపిస్తున్నదో లేదో విని చూశాకే తక్కిన పనుల జోలికి వెళ్లండి.

ఇవన్నీ అయ్యాక సైన్ అవుట్ చేయవచ్చు. అప్పుడు అమ్మగారి పాస్‌వర్డ్ అడుగుతుంది, కాంటాక్టులు, క్యాలెండర్ల వంటివాటి నకలు ఫోన్‌లో ఉంచమంటారా అని కూడా అడుగుతుంది, ఉంచమనండి. కొత్త ఖాతాతో సైన్ ఇన్ చేసినప్పుడు ‘మెర్జ్’ (కలపడం) చేస్తే అవి మీ ఖాతాలోకి చేరతాయి. అమ్మగారి కాంటాక్టులు కూడా వాటితో వస్తాయి, కానీ అప్పటికి ఖాతాలు వేరు కాబట్టి వాటిని మీ వైపు నిశ్చింతగా తీసేయవచ్చు.

రెండవ జవాబు

పైన చెప్పిన క్రమం సరైనదే. రెండేళ్ల క్రితం మా అబ్బాయి ఖాతాను ఇలాగే వేరుచేశాను. సైన్ అవుట్ సమయంలో కనిపించే జాబితాలో అన్నీ ఉంటాయని అనుకుని నోట్స్ సంగతి పట్టించుకోలేదు. ఐక్లౌడ్‌లోని నోట్స్ అలా ఫోన్‌లో నిలవవు. వాడు రాసుకున్నవన్నీ వాడి ఫోన్‌లోంచి వెళ్లి నా ఖాతాలో మిగిలాయి, ఒక్కొక్కటీ వాడికి పంపేసరికి ఒక ఆదివారమంతా పట్టింది. మీరు ముందుగానే మీ నోట్స్‌ను ‘ఆన్ మై ఐఫోన్’ అనే విభాగంలోకి మార్చుకుంటే ఆ అవస్థ ఉండదు.

ఫోటోల విషయానికి వస్తే, మీ ఫోన్‌లో చోటు చాలదు కాబట్టి మీకు అనువైనది 2022లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16.1తో వచ్చిన ఐక్లౌడ్ షేర్డ్ ఫోటో లైబ్రరీ, అంటే వేర్వేరు ఖాతాలవారు కలిసి వాడుకునే ఫోటోల లైబ్రరీ. అమ్మగారు తన ఫోన్‌లో దాన్ని మొదలుపెట్టి, మనుషులను బట్టి గానీ తేదీలను బట్టి గానీ చేత్తో ఎంచుకుని గానీ మీ ఫోటోలను అందులోకి మార్చి, మీ కొత్త ఖాతాకు ఆహ్వానం పంపుతారు. మీరు చేరి ఏడు రోజులు దాటాక దానిలోంచి బయటికి వస్తే, అందులోని మొత్తాన్ని మీ సొంత లైబ్రరీలోకి కాపీ చేసుకునే అవకాశం ఇస్తుంది. ఏడు రోజులు నిండకముందే బయటికి వస్తే మీరు స్వయంగా చేర్చినవి మాత్రమే మీకు వస్తాయి, చేర్చినది అమ్మగారు కాబట్టి మీకు మిగిలేది ఏమీ ఉండదు. ఈ ఒక్క చోట తొందరపడవద్దని మరీ మరీ చెబుతున్నాను. ఆ వారంలో ఎవరు ఏది తొలగించినా ఇద్దరికీ పోతుందని కూడా గుర్తుంచుకోండి. కెమెరాతో తీసినవి నేరుగా అందులోకి వెళ్లే సెట్టింగ్‌ను ఇద్దరూ ఆపివేయండి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, చిన్ననాటి ఫోటోలు ఎవరివన్న పంచాయితీ రాదు. మీరు కాపీ చేసుకుని వెళ్లాక కూడా అవి అమ్మగారి దగ్గర ఉంటాయి. ఆమె ఆ లైబ్రరీని మూసేసేటప్పుడు అన్నీ ఉంచుకుంటానని ఎంచుకుంటే చాలు.

షేర్డ్ ఆల్బమ్ అనేది వేరే. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది పొరబడతారు. అందులో పెట్టిన ఫోటో పొడవైన వైపు 2048 పిక్సెళ్లకు కుదించబడుతుంది కాబట్టి, దాన్ని తరలింపుకు వాడితే అసలు ఫోటోలు మీకు చేరవు.

నిల్వ లెక్క కూడా ముందే చూసుకోండి. షేర్డ్ లైబ్రరీలో ఉన్నంతకాలం ఆ ఫోటోలు అమ్మగారి నిల్వలోనే లెక్కకు వస్తాయి. మీరు కాపీ చేసుకున్న రోజున మీ వైపు మరో 60 జీబీ కావాలి. కొత్త ఖాతాకు ఉచితంగా వచ్చేది 5 జీబీ మాత్రమే. ఫ్యామిలీ షేరింగ్ (ఒకే కుటుంబంవారు ఎవరి ఖాతా వారికి ఉంటూనే ప్లాన్‌ను, కొన్న యాప్‌లను పంచుకునే ఏర్పాటు) ద్వారా అమ్మగారి 200 జీబీ ప్లాన్‌నే ఇద్దరూ పంచుకుంటే 140, 60 కలిసి సరిగ్గా 200 అవుతుంది, బ్యాకప్‌లకు చోటే ఉండదు. కనుక కొంతకాలం పెద్ద ప్లాన్ తీసుకోవడమో, మీరు విడిగా ఒక ప్లాన్ తీసుకోవడమో తప్పదు. ప్లాన్ పంచుకున్నా ఒకరి ఫైళ్లు, ఫోటోలు ఇంకొకరికి కనిపించవు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఏడు రోజుల సంగతి తెలియకపోతే నేను రెండో రోజునే బయటికి వచ్చేసేదాన్ని. మరో రెండు సందేహాలు ఉన్నాయి. వాట్సాప్ సంభాషణల బ్యాకప్ కూడా అమ్మ ఐక్లౌడ్‌లోనే ఉంది, దాని సంగతి ఏమిటి? అమ్మ ఖాతాకు వచ్చే ధ్రువీకరణ కోడ్‌లు ఇన్నాళ్లూ నా నంబరుకే వస్తున్నాయి, అది ఎప్పుడు మార్చాలి?

మూడవ జవాబు

రెండో సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దాన్ని వాయిదా వేస్తే అమ్మగారు తన ఖాతాలోకి తానే వెళ్లలేని పరిస్థితి రావచ్చు. మీరు సైన్ అవుట్ చేయకముందే అమ్మగారి సొంత నంబరును నమ్మకమైన నంబరుగా చేర్చి, దానికి ఒకసారి కోడ్ తెప్పించి చూసి, ఆ తరువాతే మీ నంబరును తీసేయండి. అంతా అయ్యాక ఖాతా సెట్టింగ్స్‌లోని పరికరాల జాబితాలోంచి మీ ఫోన్‌ను కూడా తొలగించాలి. మీ కొత్త ఖాతాకు అమ్మగారిని రికవరీ కాంటాక్ట్‌గా పెట్టుకోవచ్చు. అలా చేస్తే మీరు పాస్‌వర్డ్ మరచిపోయిన రోజున ఆమె సాయం చేయగలరు గానీ, మీ సమాచారాన్ని ఆమె చూడలేరు.

వాట్సాప్ సంభాషణలు మీ ఫోన్‌లోనే ఉంటాయి, సైన్ అవుట్ వల్ల చెరిగిపోవు. అమ్మగారి ఖాతాలో ఉన్న బ్యాకప్ మాత్రం మీ కొత్త ఖాతా నుంచి తెరుచుకోదు. కాబట్టి యాప్‌ను తొలగించకుండా అలాగే ఉంచి, కొత్త ఖాతాలో ఐక్లౌడ్ డ్రైవ్ ఆన్ చేసి వెంటనే కొత్త బ్యాకప్ తీసుకోండి. ఈ మధ్యలో ఫోన్ మార్చడం, రీసెట్ చేయడం వంటివి వద్దు.

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించనిది ఒకటుంది. ‘యాపిల్‌తో సైన్ ఇన్’ అనే బటన్ నొక్కి మీరు చేరిన యాప్‌లు, వెబ్‌సైట్‌లు అన్నీ అమ్మగారి ఖాతాకు ముడిపడి ఉన్నాయి. మీరు విడిపోయాక వాటిలోకి వెళ్లలేరు. కాలేజీకి, బ్యాంకుకు, ఆటలకు సంబంధించినవి ఏవేవి అలా ఉన్నాయో జాబితా రాసుకుని, ప్రతిదానిలోనూ మీ సొంత ఈమెయిల్, పాస్‌వర్డ్ ముందుగానే చేర్చుకోండి. విసుగు పుట్టించే పనే గానీ, విడిపోయాక చేయబోతే ప్రతిసారీ అమ్మగారి ఫోన్ అడగాల్సి వస్తుంది. కొన్న యాప్‌ల విషయంలో అంత చింత అక్కరలేదు. ఫ్యామిలీ షేరింగ్‌లో ఆరుగురి వరకు ఉండవచ్చు, ఒకరు కొన్న యాప్‌లను చాలావరకు తక్కినవారూ వాడుకోవచ్చు. అయితే యాప్ లోపల కొన్నవన్నీ అలా పంచుకునేందుకు వీలుకాదు. పాత ఖాతాతో దించుకున్న యాప్ పాస్‌వర్డ్ అడుగుతున్నదని దాన్ని తొలగించి మళ్లీ దించుకునే ముందు, దానిలోని సమాచారం వేరేచోట ఉందో లేదో చూసుకోండి.

ఇది చదివేవారిలో చిన్న పిల్లల తల్లిదండ్రులు ఉంటే వారికి ఒక మాట. చాలా దేశాల్లో 13 ఏళ్లు నిండని పిల్లలు తమంతట తాము ఖాతా తెరవలేరు, ఫ్యామిలీ షేరింగ్ ద్వారా మీరే వారికి తెరిచి ఇవ్వాలి. పాత ఫోన్ ఇచ్చే రోజునే ఆ పని చేస్తే ఈ విడదీసే శ్రమ ఎప్పటికీ రాదు.

ప్రశ్న అడిగినవారు

ఇప్పటివరకు జరిగినది తెలియజేస్తున్నాను. తాతయ్య రికార్డింగులు 14 ఉన్నాయి, అన్నింటినీ కంప్యూటర్‌లోకీ పెన్‌డ్రైవ్‌లోకీ చేర్చి, అమ్మా నేనూ కలిసి కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నాం. అమ్మ నంబరుకు కోడ్ వస్తున్నదని రెండుసార్లు చూసుకున్నాక నా నంబరును తీసేశాం. ‘యాపిల్‌తో సైన్ ఇన్’ చేసినవి నేననుకున్నదానికన్నా చాలా ఎక్కువగా, 23 తేలాయి, వాటిని మార్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

నిన్న సైన్ అవుట్ చేసి కొత్త ఖాతాలోకి వచ్చాను. కాసేపు ఫోటోస్ యాప్ ఖాళీగా కనిపించినప్పుడు, ముందే చెప్పి ఉన్నా గుండె ఝల్లుమంది. అమ్మ వెంటనే తన ఫోన్ తెరిచి, కాగితం మీద రాసుకున్న సంఖ్యతో సరిచూసి అన్నీ ఉన్నాయని చూపించింది. షేర్డ్ లైబ్రరీకి ఆహ్వానం అందుకుని చేరాను, వాట్సాప్ కొత్త బ్యాకప్ కూడా పూర్తయింది. ఏడు రోజులు దాటేవరకు ఇద్దరం దేన్నీ తొలగించకూడదని అనుకున్నాం. కాపీ అయ్యాక రెండువైపులా సంఖ్యలు సరిపోయాయో లేదో మళ్లీ ఇక్కడ రాస్తాను.