పాత అంబాసిడర్ వెనక సీటుకు భుజం బెల్టు పెట్టించాలా, నడుము బెల్టు చాలా?

దేవరకొండ బండి:
మాది 1996 మోడల్ డీజిల్ అంబాసిడర్. నాయిన కొన్న బండి. ఆయన పోయాక అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు. వారానికోసారి కొండమల్లేపల్లి మీదుగా నల్గొండకు, నెలకోసారి మాల్ అనే ఊరి మీదుగా హైదరాబాద్‌కు పోతాం. ముందు రెండు సీట్లకు బెల్టులు ఉన్నాయి. వెనక సీటుకు ఏమీ లేదు, కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలు కూడా కనబడలేదు. అక్కడ కూర్చునేది మా అమ్మ, నా భార్య, ఆరేళ్ల మా పాప.

పోయిన నెల కొండమల్లేపల్లి దాటాక బర్రె అడ్డమొచ్చింది. గట్టిగా బ్రేకు కొట్టాను. బండి ఆగింది కానీ పాప ఎగిరి ముందు సీటుకు కొట్టుకుంది. పెదవి చీలి మూడు కుట్లు పడ్డాయి. అప్పుడు మా వేగం నలభై కూడా లేదు. ఆ రోజు నుంచి వెనక బెల్టులు లేకుండా వాళ్లను ఎక్కించుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

నల్గొండలో ఇద్దరిని అడిగాను. ఒకాయన, వెనక అద్దం కింద ఉన్న షెల్ఫ్ రేకుకు నట్టు వెల్డింగ్ చేసి భుజం బెల్టు పెట్టేస్తా, రెండు గంటల పని అన్నాడు. తను చేసిన ఇంకో బండి చూపించి, బెల్టు పట్టుకొని చేత్తో లాగి, చూశారా ఎంత గట్టిగా ఉందో అన్నాడు. రెండో ఆయన భుజం బెల్టు జోలికి పోవద్దు, ఫ్లోర్‌కు రెండు బోల్టులు వేసి నడుము బెల్టు పెడతా, అదే సేఫ్ అన్నాడు. ఎవరి మాట వినాలి?

జడ్చర్ల ఫిజిక్స్:
రెండో ఆయన మాటే వినండి. చేత్తో లాగితే మహా అయితే నలభై, యాభై కిలోల బలం పడుతుంది. ప్రమాదంలో ఎంత పడుతుందో చూద్దాం. 60 కిలోల మనిషి, బండి వేగం 50 కిలోమీటర్లు. గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం నలిగి, బెల్టు కొంత సాగి, మనిషి మొత్తం 60 సెంటీమీటర్లు జరిగి ఆగాడనుకుందాం. సగటున పడే బలం 9,600 న్యూటన్లు పైనే, అంటే దాదాపు టన్ను బరువు. అదే 80 వేగంలో అయితే రెండున్నర టన్నులు. వేగం 1.6 రెట్లు అయితే బలం రెండున్నర రెట్లు అయింది. మిల్లీమీటరు మందం కూడా ఉండని షెల్ఫ్ రేకు దీన్ని ఆపదు, నట్టుతో సహా చిరిగి వస్తుంది. పాత బండికి ఎవరో వెల్డింగ్ చేసిన భుజం బెల్టు కంటే ఫ్లోర్‌కు బిగించిన నడుము బెల్టు నయం.

మిర్యాలగూడ బాడీ షాపు:
సార్ లెక్క సరైనదే. షెల్ఫ్ రేకు పనికిరాదన్నదీ నిజమే. కానీ అందుకని భుజం బెల్టే వద్దంటే ఒప్పుకోను. ఇరవై రెండేళ్లుగా డెంటింగ్, వెల్డింగ్ పని చేస్తున్నాను. బెల్టు ఎక్కడ బిగించాలన్నదే అసలు ప్రశ్న.

తమ్ముడూ, జవాబు మీ బండిలోనే ఉంది. ముందు సీటు బెల్టు పై బోల్టు ఊడదీసి టార్చి వేసి చూడండి. రెండు తలుపుల మధ్య నిలువుగా ఉండే నడిమి పిల్లర్ లోపల పైరేకు కాకుండా ఇంకో మందపాటి ముక్క ఉంటుంది. బోల్టు చూడీ (మర) పడేది దానికి. రేకు ఒక్కటే అంత బలం మోయలేదని కంపెనీకి తెలుసు కాబట్టే ఆ ముక్క పెట్టింది. వెనక కూడా అదే చేయాలి. అంబాసిడర్‌కు కింద వేరే ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే దాని బలం. వెనక తలుపుకూ అద్దానికీ మధ్య ఉన్న పిల్లర్ డబ్బాలాగా మూసి ఉంటుంది, పైన టాప్ అంచుకూ కింద చక్రం గూడుకూ కలుస్తుంది. భుజం బెల్టుకు అదీ చోటు.

నేను చేసే పద్ధతి చెబుతాను. పిల్లర్ లోపలి రేకులో చిన్న కిటికీలా కోసి, మూడు మిల్లీమీటర్ల మందం, అరచేయంత వెడల్పు ఉన్న ప్లేటును లోపలికి పంపుతాను. దాని మూలలు గుండ్రంగా రాస్తాను, లేకపోతే అవే రేకును కోస్తాయి. నట్టును ముందే ఆ ప్లేటుకు వెల్డింగ్ చేసి పెడతాను. ముఖ్యమైన మాట ఏంటంటే, ప్లేటు రేకు వెనకాల ఉండాలి. బెల్టు లాగినప్పుడు ప్లేటు వచ్చి రేకుకు హత్తుకుంటుంది, బలం అరచేయంత మేర పంచుకుంటుంది. ప్లేటును రేకు ముందు అంటిస్తే మొత్తం బలం వెల్డింగ్ అంచు మీదే పడుతుంది. అది స్టాంపు ఊడినట్టు ఊడుతుంది. మీకు ఆ మొదటాయన చూపించిన బండిలో నట్టు ఎటువైపు ఉందో ఒకసారి చూడండి.

బోల్టు సంగతి. కార్ల బెల్టు బోల్టుకు పాత కొలత ఉంది, ఏడు బై పదహారు అంగుళం, అంగుళానికి ఇరవై చూడీలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటి బోల్టు వేయొద్దు. బెల్టు బోల్టును ఎప్పుడూ వెల్డింగ్ చేయొద్దు, వేడి తగిలితే దాని గట్టితనం పోతుంది.

జడ్చర్ల ఫిజిక్స్:
అన్నా, మీరు చెప్పిన పద్ధతి బాగుంది. కానీ అలా చేసేవాళ్లు జిల్లాకు ఎంతమంది? చదివిన ప్రతి ఒక్కరూ మీ దగ్గరికి రారు. పక్క వీధి వెల్డింగ్ షాపుకు పోయి, అందులో చెప్పారు కదా అని నట్టు అంటించుకుంటారు. అప్పుడు భుజం బెల్టు ఉందన్న ధైర్యంతో వంద మీద తోలతారు. నా భయం అది.

ఇంకొకటి. కొత్త కార్లలో వెనక బెల్టు ఆ షెల్ఫ్‌లోంచే వస్తుంది కదా, మరి అక్కడ ఎలా ఆగుతుంది అని ఎవరో ఒకరు అడుగుతారు.

మిర్యాలగూడ బాడీ షాపు:
నా దగ్గరికి రోజూ వచ్చే ప్రశ్నే అది. కొత్త కార్లలో ఆ షెల్ఫ్ కింద అటు పిల్లర్ నుంచి ఇటు పిల్లర్ దాకా గట్టి అడ్డపట్టీ ఉంటుంది, బెల్టు చుట్టుకునే రీల్ దానికి బిగిస్తారు. పైగా వాటిలో సీటు వీపు ఎత్తుగా ఉంటుంది, బెల్టు దాని మీదుగా భుజం ఎత్తులో బయటికి వస్తుంది. అంబాసిడర్‌లో వీపు తక్కువ, షెల్ఫ్ అంతకంటే తక్కువ. అక్కడినుంచి బెల్టు లాగితే భుజం మీదుగా పైకెక్కి మళ్లీ కిందికి దిగాలి. గుద్దుకున్నప్పుడు ఆ బెల్టు మనిషిని వెనక్కి పట్టుకోవడంతో పాటు భుజాన్ని కిందికి అదుముతుంది. ఆ భారం వెన్నుపూస మీద పడుతుంది. మీ అమ్మగారి వయసులో ఎముక ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందుకే పై బోల్టు భుజం ఎత్తులో గానీ, కొంచెం పైన గానీ ఉండాలి, కింద ఉండకూడదు.

సూర్యాపేట అంబులెన్స్:
నేను తొమ్మిదేళ్లు అంబులెన్స్‌లో పనిచేశాను, ఎక్కువగా 65వ నంబరు హైవే మీద. లెక్కలు నాకు రావు, చూసింది చెబుతాను.

బెల్టు లేకుండా వెనక కూర్చున్నవాళ్లు రెండు రకాలుగా దొరికేవాళ్లు. కొందరు బండి బయట, కొందరు ముందు సీటు మనిషి మీద. వెనకవాళ్ల బరువు వచ్చి పడి, బెల్టు పెట్టుకున్న డ్రైవర్ నలిగిన సందర్భాలు కూడా చూశాను. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారు 2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర పోయినప్పుడు అంత ఖరీదైన కారులో వెనక కూర్చొని ఎలా పోయారని అందరూ ఆశ్చర్యపోయారు. మాకు ఆశ్చర్యం అనిపించలేదు. వెనక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు. మన దగ్గర అన్నెపర్తి వద్ద 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారు పోయినప్పుడు కూడా కారులోంచి బయటికి ఎగిరిపడ్డారని పేపర్లన్నీ రాశాయి.

ఇక నడుము బెల్టు. ఒక పన్నెండేళ్ల పిల్ల, పాత వ్యాన్‌లో నడుము బెల్టుతో ఉంది. బయటికి దెబ్బ ఏమీ లేదు. కడుపు మీద మాత్రం బెల్టు వెడల్పున నల్లటి చార. కూర్చోమంటే కూర్చోలేకపోయింది. నడుము దగ్గర వెన్నుపూస విరిగింది, పేగులకు ఆపరేషన్ అయింది. బతికింది. బెల్టు లేకపోతే బతికేది కాదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ భుజం మీద ఇంకో పట్టీ ఉండి ఉంటే పై శరీరం మడతపడేది కాదని ఆ రోజు నుంచి అనుకుంటూనే ఉన్నాను. 1959లో వోల్వో కార్ల కంపెనీలో నీల్స్ బోలిన్ అనే ఇంజినీరు నడుమునూ భుజాన్నీ కలిపి మూడు చోట్ల పట్టే బెల్టు చేసింది దీనికోసమే కదా. నడుము బెల్టు చాలు అని మాత్రం దయచేసి అనకండి.

పాలమూరు వకీల్:
చట్టం సంగతి కూడా చూడాలి. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అదే. మీ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పోవాలి. పిల్లర్ కోసిన బండిని చూసి ఇన్‌స్పెక్టర్ అడ్డం పెడితే ఏం చేస్తారు? బెల్టు పెట్టుకోకపోతే 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది గానీ, వెనక పెద్దవాళ్లు బెల్టు పెట్టుకోవాలన్న రూలు బెల్టు బిగించి ఉన్న సీట్లకే. పద్నాలుగేళ్ల లోపు పిల్లల సంగతి వేరు. వాళ్లకు బెల్టో పిల్లల సీటో ఉండాలని అదే సెక్షన్ చెబుతుంది. నా సలహా ఏమిటంటే, ఆ బండిని ఇంటి దగ్గర ఉంచుకొని, పిల్లల కోసం వెనక మూడు బెల్టులున్న సెకండ్ హ్యాండ్ కారు ఒకటి తీసుకోండి.

నకిరేకల్:
వకీల్ సాబ్, అందరి దగ్గరా ఇంకో కారుకు డబ్బులు ఉండవు. ఉన్నదానిలో పిల్లను కాపాడుకోవడం ఎలా అని ఆయన అడుగుతున్నాడు.

దేవరకొండ బండి:
వకీల్ గారి మాట పక్కన పెట్టడం లేదు. మొన్న మా దగ్గర రవాణా ఆఫీసులో అడిగాను. ఇంజిన్ మార్చడం, సీట్లు పెంచడం, బాడీ ఆకారం మార్చడం వాళ్లకు ముఖ్యం, బెల్టు కోసమైతే ముందే దరఖాస్తు రాసి ఇవ్వండి అన్నారు. రాసి ఇస్తాను, కాగితం చేతికి వచ్చాకే పిల్లర్ ముట్టుకుంటాం. ఫిజిక్స్ సార్‌ను ఒకటి అడగాలి. నడుము బెల్టు అయితే ఫ్లోర్‌కు మామూలు బోల్టు చాలా?

జడ్చర్ల ఫిజిక్స్:
చాలదు. నిన్న రాత్రి ఈ ప్రశ్నతోనే కూర్చున్నాను, అందుకే నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

ఐక్యరాజ్యసమితి 14వ నిబంధనలో కార్ల బెల్టు బిగింపులకు పరీక్ష ఉంది. మూడు చోట్ల పట్టే బెల్టు అయితే భుజం పట్టీని 13,500 న్యూటన్లతో, నడుము పట్టీని అంతే బలంతో లాగుతారు. ఒక్కొక్కటీ దాదాపు 1,375 కిలోలు. నడుము బెల్టు ఒక్కటే అయితే దాన్ని 22,250 న్యూటన్లతో లాగుతారు, రెండు టన్నుల పైన. మొత్తం భారం ఆ రెండు బోల్టులే మోయాలి కాబట్టి. అంటే నడుము బెల్టు తేలిక పని, ఎవరైనా చేయొచ్చు అని నేను అనుకున్నది తప్పు. ఫ్లోర్ రేకు కింద ప్లేటు లేకుండా వాషర్ వేసి బిగిస్తే అది కూడా చిరుగుతుంది. పని ఎలాగూ జాగ్రత్తగానే చేయాలి, అలాంటప్పుడు భుజం పట్టీ మానుకోవడానికి నా దగ్గర కారణం మిగల్లేదు.

పాప విషయం కూడా చెప్పాలి. ఆరేళ్ల పిల్లకు పెద్దవాళ్ల బెల్టు మెడ మీద, కడుపు మీద పడుతుంది. పిల్లను ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్ సీటు వేస్తే నడుము పట్టీ తుంటి ఎముక మీద, పై పట్టీ భుజం మధ్యలో పడుతుంది. కానీ బూస్టర్‌కు భుజం బెల్టు తప్పనిసరి. నడుము బెల్టు ఒక్కటే ఉంటే బూస్టర్ కొన్నా లాభం లేదు.

మిర్యాలగూడ బాడీ షాపు:
సార్, మీరు అలా రాసినందుకు సంతోషం.

ఇంకో మూడు మాటలు. పాత సామాన్ల బజారులో బెల్టులు కొనకండి. గుద్దుకున్న బండిలో ఒకసారి బలం పడ్డ పట్టీ మళ్లీ పనికిరాదు, పైకి కొత్తగానే కనబడుతుంది. రీల్ ఉన్న బెల్టు అయితే దాన్ని ఏ వాలులో బిగించాలో దాని మీద చూసుకోవాలి. లోపల గోలీలాంటిది ఉంటుంది, బండి ఒరిగినా అదిరినా అది జరిగి పట్టేస్తుంది. నిటారుగా పెట్టాల్సిన రీల్‌ను పడుకోబెడితే బెల్టు బయటికే రాదు. అంబాసిడర్‌కు నేను రీల్ లేని, చేత్తో బిగించుకునే బెల్టే చెబుతాను. మూడోది, మధ్యలో కూర్చున్నవాళ్లకు భుజం బెల్టు పెట్టే చోటు ఈ బండిలో లేదు. వెనక ఇక ఇద్దరే.

తమ్ముడూ, నా దగ్గరికి వచ్చే ముందు వెనక సీటు తీసి, చక్రం గూడు పైభాగం స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. అక్కడ తుప్పు ఉంటే ఎంత మంచి ప్లేటు వేసినా వృథా.

దేవరకొండ బండి:
ఈ రోజు పొద్దున సీటు తీశాను. ఎడమవైపు గట్టిగా ఉంది. కుడివైపు చక్రం గూడు దగ్గర స్క్రూడ్రైవర్ సర్రున లోపలికి దిగింది, నాలుగు వేళ్ల వెడల్పున రేకు పొడి రాలింది. పైన పరిచిన మ్యాట్ కింద ఇన్నేళ్లూ నీళ్లు నిలిచినట్టున్నాయి. పిల్లర్ మాత్రం రెండు వైపులా బాగుంది. నల్గొండలో చూపించిన బండి దగ్గరికి కూడా పోయొచ్చాను. నట్టు రేకు ముందువైపే అంటించి ఉంది. ఆ యజమానికి విషయం చెప్పాను, ఆయన కూడా బండి మిర్యాలగూడ తెస్తానన్నారు.

అన్నా, ముందు ఆ తుప్పు కోసి కొత్త రేకు వేయండి. కాగితం రాగానే బెల్టుల పని మొదలుపెడదాం. బుధవారం బండి తెస్తాను. అప్పటిదాకా అమ్మ ముందు సీట్లో బెల్టు పెట్టుకొని కూర్చుంటుంది, నా భార్య, పాప బస్సులో వస్తారు.