రియల్ దెల్ మోంతే వెండి గనులు: బ్రిటిష్ కంపెనీ నిజంగా విఫలమైందా?

గోదారిగట్టు:
మెక్సికోలోని రియల్ దెల్ మోంతే గనులను రెగ్లా ప్రభువు దగ్గర కౌలుకు తీసుకుని ఒక లండన్ కంపెనీ 1824 నుంచి 1849 దాకా నడిపింది. సుమారు 1.1 కోట్ల పెసోల వెండి తీయడానికి 1.6 కోట్లు ఖర్చుపెట్టి, అరకోటి పోగొట్టుకుని వెళ్లిపోయింది. అందుకే అందరూ దాన్ని చేతగాని కంపెనీ అంటారు. నేను ఒప్పుకోను. స్పెయిన్ నుంచి విడిపోవడానికి మెక్సికో చేసిన స్వాతంత్ర్య యుద్ధం నాటికి ఆ గనులు నీళ్లతో నిండిపోయి ఉన్నాయి. వాటిని తోడింది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ఆవిరి ఇంజన్లే కదా?

నల్లమల_రాజు:
తోడారు సరే, ఎవరి ప్రాణాలు పెట్టి? 1825లో దాదాపు 1,500 టన్నుల సామాను ఓడల్లో వచ్చింది. వెరాక్రూజ్ రేవుకు ఎదురుగా ఉన్న కోట అప్పటికింకా స్పెయిన్ చేతిలోనే ఉంది. దాంతో పక్కనున్న మొకాంబో ఇసుక తీరంలో దింపారు. అది ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరం ప్రబలే కాలం. కార్న్‌వాల్ పనివాళ్లు, మెక్సికన్ కూలీలు ఎందరో అక్కడే పోయారు. మిగిలినవాళ్లు ఆ బాయిలర్లను, ఇనప దూలాలను 2,700 మీటర్ల ఎత్తుకు చేర్చేసరికి 1826 వచ్చింది. ఏ నెలలో దిగాలో కూడా ఆలోచించని కంపెనీని ఎలా మెచ్చుకుంటాం?

సీతమ్మవాకిలి:
నాకు మాత్రం అసలు తప్పు పార్తిదో దగ్గర కనిపిస్తుంది. రోజు కోటా నింపాక గనికార్మికుడు తవ్విన అదనపు ఖనిజంలో అతనికి వాటా ఉండేది. అదే పార్తిదో. భూమి లోపల ప్రాణాలకు తెగించేవాడికి కూలి ఒక్కటే చాలదని తరతరాల నమ్మకం. 1766లో మొదటి రెగ్లా ప్రభువు దానిమీద చెయ్యి వేస్తే పెద్ద సమ్మె జరిగింది. అంత చరిత్ర ఉన్న ఊళ్లో కంపెనీ కూడా 1827లో అదే వాటా తీసేయాలని చూసింది, పని ఆగింది. యంత్రం కొనొచ్చు, మనిషి నమ్మకం ఎక్కడ కొంటారు?

గోదారిగట్టు:
వాటా విషయంలో కంపెనీది అన్యాయమే. కానీ ఫలితం కూడా చూడండి. 1849లో మెక్సికన్ యజమానులు చవగ్గా కొన్నారు. కొద్దికాలానికే రోసారియో గనిలో పుష్కలంగా వెండి పడింది. వీళ్లు దుక్కి దున్నారు, వాళ్లు పంట కోసుకున్నారు.

నల్లమల_రాజు:
రోసారియో పక్క ఊరు పచూకాలో ఉంది, రియల్ దెల్ మోంతేలో కాదు. ఇక్కడ తోడిన నీళ్లకూ అక్కడి వెండికీ ఏం సంబంధం?

గోదారిగట్టు:
సంస్థ ఒకటే అండీ. చేయి తిరిగిన పనివాళ్లు, ఇంజన్లు, ఖనిజం శుద్ధిచేసే కార్ఖానాలు అన్నీ కొత్త యజమానులకు దక్కాయి. ఖాళీ చేతులతో మొదలుపెట్టినవాళ్లు కారు.

కోలారు_మనవడు:
ఒక్కమాట. ఈ కంపెనీని లండన్ నుంచి నడిపించిన జాన్ టేలర్ పేరుతో ఉన్న సంస్థే 1880 తర్వాత కోలారు బంగారు గనులనూ నడిపింది. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లు ఆ గనుల్లో పనిచేశారు. కోలారులో వాటాదారులకు బాగా లాభాలు వచ్చాయి కాబట్టి దాన్ని విజయం అంటారు. రియల్ దెల్ మోంతేలో రాలేదు కాబట్టి వైఫల్యం అంటారు. ఈ లెక్కలో కిందికి దిగినవాడు ఎక్కడా లేడు. గోదారిగట్టు గారు ఇంజన్లను లెక్కలోకి తెచ్చారు, మంచిదే. సీతమ్మవాకిలి గారు చెప్పిన వాటాను కూడా అదే లెక్కలో వేసి చెప్పమనండి, కంపెనీ గెలిచిందో లేదో.