మోకాళ్లకి పీఆర్‌పీ, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు: పెట్టిన డబ్బుకి ఫలితం ఉంటుందా?

అమ్మకి 63 ఏళ్లు, రెండు మోకాళ్లలో గుజ్జు అరిగింది. ఆపరేషన్ ఇప్పుడే వద్దని ఒక డాక్టర్ అన్నారు. ఇంకోచోట చూపిస్తే పీఆర్‌పీ మూడు డోసులు చేయించుకోండి, తగ్గకపోతే స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) ఎక్కిద్దాం అన్నారు. మన రక్తమే తీసి, మెషీన్‌లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మళ్లీ మోకాల్లోకి ఎక్కించడమే పీఆర్‌పీ అట. మన రక్తమే కదా, ఇంత ఖరీదెందుకో!

ఇన్సూరెన్స్ వాళ్లు దీనికి డబ్బు ఇవ్వం అన్నారు, అంతా చేతి డబ్బే. "గుజ్జు మళ్లీ పెరుగుతుందా" అని ఆ రెండో చోట అడిగితే సూటిగా చెప్పకుండా, ఈ వారంలో కడితే ప్యాకేజీ తగ్గిస్తామన్నారు, అక్కడే నాకు అనుమానం మొదలైంది. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందిపై చేసిన పరీక్షలో, ఏడాది తర్వాత చూస్తే పీఆర్‌పీకి, ఉత్త సెలైన్ నీళ్లకి నొప్పిలో పెద్ద తేడా లేదని తేలిందట. అలాగని బాగుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నొప్పి దానంతటదే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు.

చేయించుకున్నవాళ్లు చెప్పండి ప్లీజ్, ఉపశమనం ఎన్ని నెలలు ఉంది? మళ్లీ మళ్లీ వేయించుకోవాల్సి వచ్చిందా? అదే డబ్బు ఫిజియోథెరపీకి, బరువు తగ్గడానికి పెడితే నయమా? స్టెమ్ సెల్స్ విషయంలో డాక్టర్‌ని ఏమేం అడగాలి? అమ్మేమో "నా మోకాళ్లకి అంత ఖర్చా, వద్దులే" అంటోంది, అదొక టెన్షన్.