విశాఖ నుంచి హైదరాబాద్‌కు మారుతున్నాం: ఇద్దరు బడి పిల్లలతో ఏ ప్రాంతంలో ఇల్లు తీసుకోవాలి?

విశాఖ తీరం

నమస్కారమండి. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేస్తున్నాను. సికింద్రాబాద్‌లోని శాఖకు బదిలీ అయింది, జూన్ మొదటివారంలోగా చేరాలి. మావారి కార్యాలయం నగరానికి పడమటి వైపున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. ఇన్నాళ్లూ ఇంటి నుంచే పనిచేశారు, ఇకమీదట వారానికి మూడు రోజులు వెళ్లాలి. అమ్మాయి ఐదో తరగతిలోకి, బాబు రెండో తరగతిలోకి వస్తున్నారు. ఇద్దరిదీ సీబీఎస్ఈ. మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు.

ఇక్కడ ఎంవీపీ కాలనీలో మా ఇంటి నుంచి బడికి పది నిమిషాల నడక. వాన పడితే అత్తగారే గొడుగు పట్టుకుని వెళ్లి పిల్లలను తీసుకువస్తారు. హైదరాబాద్‌లో అది సాధ్యం కాదని అందరూ అంటున్నారు. బంధువుల్లో ఒకరు నల్లగండ్ల అంటే ఒకరు కూకట్‌పల్లి అంటున్నారు, మరొకరు ఏ.ఎస్. రావు నగర్ తప్ప వేరే ఆలోచనే వద్దంటున్నారు. ముందు ఇల్లు చూసుకుని తరువాత బడి వెతకాలా, లేక బడి ఖాయం చేసుకుని దాని చుట్టూ ఇల్లు వెతకాలా? చిన్న పిల్లలతో ఇలా మారినవారు తమ అనుభవం చెబితే మాకు ఎంతో మేలవుతుంది.

నార్సింగి అమ్మ

విశాఖ తీరం గారూ, మేము ముందు ఇల్లు తీసుకుని తరువాత బడి వెతికాం. ఆ పొరపాటు ఎంత ఖరీదైనదో మా చిన్నవాడిని చూసి తెలుసుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇల్లు బాగుంది. ఈత కొలను, ఆట స్థలం, గ్రంథాలయం అన్నీ ఉన్నాయి. మేము కోరుకున్న బడి మ్యాపులో చూస్తే తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది, బస్సు ఉందన్నారు, సరే అనుకున్నాం. అయితే బడి బస్సు మ్యాపు చూపించే దారిలో వెళ్లదు. అది ఐదారు కాలనీలు తిరుగుతుంది, ప్రతి గేటు దగ్గరా రెండు మూడు నిమిషాలు ఆగుతుంది, దారికి అటు చివర ఉన్న పిల్లలు అందరికంటే ముందు ఎక్కి అందరికంటే చివర దిగుతారు. మా ఇల్లు ఆ చివరన ఉంది. ఏడేళ్ల పిల్లవాడు ఉదయం ఆరూ యాభైకి బస్సెక్కి, సాయంత్రం ఐదు కావస్తుండగా దిగేవాడు. వెళ్లేటప్పుడు గంటా పావు, వచ్చేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ. ఉదయం పాలు తాగితే బస్సులో వాంతి అవుతుందన్న భయంతో ఖాళీ కడుపుతో వెళ్లడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చాక చెప్పులు విప్పకుండానే సోఫాలో నిద్రపోయేవాడు. ఈత కొలనుకు వాడు ఆ ఏడాది మొత్తం మీద పదిసార్లు కూడా వెళ్లలేదు.

అందువల్ల ఏ బడికి వెళ్లినా రెండు విషయాలు అడిగి తెలుసుకోండి: మీరు తీసుకోబోయే ఇంటి గేటు దగ్గరకు బస్సు ఎన్ని గంటలకు వస్తుంది, ఆ దారిలో మీది ఎన్నో స్టాపు. నోటిమాటగా కాకుండా రాసి ఇమ్మనండి. వీలైతే పని రోజున ఉదయం ఏడింటికి ఆ బస్సు వెనకాలే మీ బండి మీద ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడడానికి వెళ్లినవారికి కనిపించే రోడ్డు, సోమవారం ఉదయం పిల్లవాడికి ఎదురయ్యే రోడ్డు ఒకటి కావు.

రెండో ఏడాది మేము బడికి కిలోమీటరున్నర దూరంలో, పాత అపార్టుమెంటులో చిన్న ఇంటికి మారాం. పిల్లవాడు ఇప్పుడు ఏడున్నరకు లేస్తున్నాడు.

తార్నాక నివాసి

పై సోదరి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నాకు తోచిన కొలమానం మరొకటి ఉంది. పిల్లవాడికి జ్వరం వచ్చిందని బడి నుంచి మధ్యాహ్నం పన్నెండింటికి ఫోను వస్తే, మీ ఇంట్లో ఇరవై నిమిషాల్లో అక్కడికి చేరగలిగేవారు ఎవరు? ఆ మనిషి ఎక్కడ ఉంటే ఇల్లూ బడీ ఆ దరిదాపుల్లో ఉండాలి. మీరు సికింద్రాబాద్‌లో ఉంటారు, అత్తగారు ఇంట్లో ఉంటారు, మీవారు వారానికి నాలుగు రోజులు ఇంటి దగ్గరే ఉంటారు. దూరం వెళ్లవలసింది మూడు రోజులు, అదీ ఒక్కరు. ఆ ఒక్కరి ప్రయాణం తగ్గించడానికి మిగతా నలుగురినీ పడమటి వైపుకు తీసుకువెళ్లడం సరికాదు.

మెట్రో నీలి మార్గం నాగోలు నుంచి ఉప్పల్, హబ్సీగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ తూర్పు, అమీర్‌పేట మీదుగా రాయదుర్గం వరకు మధ్యలో రైలు మారనక్కర లేకుండా వెళుతుంది. నేను తార్నాకలో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను, సుమారు ముప్పావు గంట పడుతుంది. అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మరో ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. కార్యాలయం వాహనం ఉంటే సులువు, లేకపోతే ఆ చివరి భాగమే కష్టం. మీకు మాత్రం సికింద్రాబాద్ రెండు మూడు స్టేషన్ల దూరమే. హబ్సీగూడ, తార్నాక ప్రాంతాల్లో బడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇళ్లు పాతవి, పార్కింగు ఇరుకు. గాలీ వెలుతురూ చూసుకుని తీసుకోవాలి.

మణికొండ 2016

క్షమించండి, నేను కొంత భిన్నంగా ఆలోచిస్తున్నాను. ఈరోజు మూడు రోజులంటున్న కార్యాలయాలు రేపు ఐదు రోజులూ రమ్మనవచ్చు. మా దగ్గర అదే జరిగింది. రోజూ మూడు గంటలు ప్రయాణం చేసే తండ్రి రాత్రి భోజనానికి పిల్లలతో కూర్చోలేడు. నేను 2016లో ఇక్కడికి వచ్చిన మొదటి రెండేళ్లు మా పాప నన్ను ఆదివారాలే సరిగ్గా చూసింది. దానిని చిన్న విషయంగా తీసుకోవద్దని మనవి.

పడమటి వైపున్న పెద్ద సముదాయాల్లో ఒకే ఈడు పిల్లలు పదిమంది దొరుకుతారు. కొత్త ఊరికి వచ్చిన పదేళ్ల అమ్మాయికి సాయంత్రం ఆడుకునే తోడు దొరకడం మామూలు విషయం కాదు. ఈ వయసు పిల్లలు పాత స్నేహితులను పోగొట్టుకున్న బాధను మాటల్లో చెప్పరు, అన్నం దగ్గర, నిద్ర దగ్గర చూపిస్తారు.

అయితే ఇటువైపు ఇల్లు చూస్తే నీళ్ల గురించి తప్పకుండా అడగండి. ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న అనేక సముదాయాలు ఎండాకాలంలో బోర్లు అడుగంటి ట్యాంకర్ల మీద ఆధారపడతాయి, ఆ ఖర్చు నిర్వహణ రుసుములో కలుస్తుంది. కార్యదర్శిని అడిగితే అంతా బాగుందంటారు. వాచ్‌మన్‌ను అడగండి, ఏప్రిల్ నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో ఆయన చెబుతారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, ఇల్లు, దూరాల గురించి అందరూ చెప్పారు. రాష్ట్రం మారుతున్నారు కాబట్టి స్థానికత గురించి, అంటే కళాశాల ప్రవేశాల్లో, ఉద్యోగాల్లో పిల్లలను ఏ రాష్ట్రం వారిగా లెక్కిస్తారన్న దాని గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. పిల్లలు చిన్నవాళ్లు కదా అని తల్లిదండ్రులు దీనిని వదిలేసి, ఇంటర్ అయ్యాక పరుగులు పెడుతున్నారు.

విభజన చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పదేళ్లపాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల నియామకాలకు 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ ఎక్కువ ఏళ్లు చదివారన్నది లెక్కిస్తారు. మీ అమ్మాయి 1 నుంచి 4 వరకు నాలుగేళ్లు విశాఖలో చదివింది, ఇక్కడ 5, 6, 7 మూడేళ్లు మాత్రమే అవుతాయి. కాబట్టి ఆ లెక్కలో ఆమె ఇక్కడ స్థానికురాలు కాకపోవచ్చు, తమ్ముడు మాత్రం అవుతాడు. ఒకే ఇంట్లో అక్కకు ఒకటి, తమ్ముడికి ఒకటి! వైద్య విద్యకు లెక్క వేరు. 9వ తరగతి నుంచి ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదవాలన్న నిబంధనను ప్రభుత్వం 2024లో తెచ్చింది, సుప్రీంకోర్టు 2025లో దానిని సమర్థించింది. మీది బదిలీల ఉద్యోగం కాబట్టి, అమ్మాయి తొమ్మిదికి వచ్చే సమయానికి మళ్లీ ఊరు మారే పరిస్థితి రాకుండా చూసుకోవడం ఇప్పుడు ఏ కాలనీలో ఉండాలన్న ప్రశ్న కంటే తక్కువ ముఖ్యమైనది కాదు.

బయలుదేరే ముందు టీసీ ఒక్కటే కాకుండా, ఏ తరగతి ఏ సంవత్సరంలో చదివారో తెలిపే బోనఫైడ్ పత్రాలు ఇద్దరికీ తీసుకోండి. పదేళ్ల తరువాత ఆ బడి ఉంటుందో, మూతపడుతుందో చెప్పలేం. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడులు ప్రవేశం నిరాకరించకూడదని, ఏ బడి అయినా ప్రవేశానికి పిల్లలనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించి వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ‘కేవలం మాట్లాడి చూస్తాం’ అని పిలిచి ప్రశ్నపత్రం చేతికిచ్చే బడుల సంగతి నాకు తెలుసు. అలాంటిచోట పదేళ్ల పిల్లను కూర్చోబెట్టాలో లేదో మీరే నిర్ణయించుకోండి.

పుణె నుంచి వచ్చాను

ఒక చిన్న మాట. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు బోధించాలి. మా వాడు నాలుగో తరగతి వరకు మరాఠీ, హిందీ చదివాడు, అక్షరాలు నేర్పడానికి ఒక వేసవి మొత్తం పట్టింది. మీ పిల్లలకు ఆ ఇబ్బంది లేదు.

విశాఖ తీరం

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. గతవారం మేమిద్దరం నాలుగు రోజులు హైదరాబాద్‌లో ఉండి చూసి వచ్చాం. నార్సింగి అమ్మ గారు చెప్పినట్లే ఒక బడి బస్సు వెనకాల వెళ్లాం. నాలుగు కిలోమీటర్ల దారికి బస్సుకు నలభై నిమిషాలు పట్టింది. నిజానికి ఆ ఒక్క ఉదయంతోనే మా ఆలోచన చాలావరకు తేలిపోయింది.

మణికొండ గారు చెప్పిన మాట మాత్రం మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. మధ్యస్థంగా ఉంటుందని బేగంపేటలో కూడా ఇళ్లు చూశాం. అక్కడ ఇద్దరికీ ప్రయాణం సగమవుతుంది కానీ, పిల్లలు సైకిలు తొక్కుకునే చోటు ఒక్కటి కూడా మాకు కనిపించలేదు. చివరికి మావారే, ‘వారానికి మూడు రోజులు ఆ కష్టం నేను పడతాను, పిల్లలు రోజూ పడకూడదు’ అన్నారు. వెళ్లే మూడు రోజులూ ఉదయం ఆరున్నరకే బయలుదేరి సాయంత్రం తొందరగా వచ్చేందుకు కార్యాలయంలో అనుమతి అడిగారు, ఒప్పుకున్నారు.

హబ్సీగూడలో రెండు ఇళ్లు నచ్చాయి. ఒకటి మూడో అంతస్తు, లిఫ్టు లేదు కానీ బడికి నడిచి వెళ్లవచ్చు. రెండోది కొత్తది, లిఫ్టు ఉంది, బడికి ఆటోలో పది నిమిషాలు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇంకా ఒక సందేహం: ఇద్దరికీ కేంద్రీయ విద్యాలయంలో ప్రయత్నించడం మంచిదేనా?

తార్నాక నివాసి

లిఫ్టు ఉన్న ఇల్లే తీసుకోండి. అత్తగారు కిందికి దిగలేకపోతే పిల్లలను తీసుకురావడానికి ఆవిడ ఉన్నారన్న ధీమా ఉండదు, నేను చెప్పిన ఇరవై నిమిషాల లెక్క అక్కడే తప్పుతుంది.

ఉప్పల్‌లో రెండు కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగుల పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది, గత ఏడేళ్లలో జరిగిన బదిలీల సంఖ్యనూ చూస్తారు. అయితే రెండో తరగతి నుంచి పైన ఖాళీలు ఉంటేనే ప్రవేశం. ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే రెండు బడులు, రెండు వేళలు అవుతాయి. దరఖాస్తు పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడి ఇల్లు తీసుకోవద్దు. మరో సంగతి, ఇక్కడి సీబీఎస్ఈ బడులు చాలావరకు ఏప్రిల్‌లోనే పాఠాలు మొదలుపెట్టి తరువాత సెలవులిస్తాయి. ప్రవేశం ఖాయం చేసుకోగానే ఆ పాఠాలు తెప్పించుకుని సెలవుల్లో చదివించండి.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఈ ఏడాది వద్దు. పదకొండు నెలల అద్దె ఒప్పందంతో ఒక వానాకాలం గడపండి. 2020 అక్టోబరు వానలకు సెల్లార్లలో కార్లు మునిగిన వీధులు మామూలు రోజుల్లో ఎంతో చక్కగా కనిపిస్తాయి. మీరు చూసిన వీధిలో కిరాణా దుకాణం ఉంటే, ఆ వానకు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అడగండి.

విశాఖ తీరం

అడిగామండి. దుకాణం మెట్ల దాకా వచ్చి ఆగిపోయాయట, మేము చూసిన ఇల్లు అక్కడి నుంచి ఎత్తున ఉంది. లిఫ్టు ఉన్న ఇంటికే అడ్వాన్సు ఇచ్చాం. నడిచి వెళ్లే బడి కాదని బాబు కొంచెం నొచ్చుకున్నాడు కానీ, ఆటోలో నానమ్మ పక్కనే కూర్చుంటుందని చెప్పాక ఒప్పుకున్నాడు. మాస్టారు గారు చెప్పిన బోనఫైడ్ పత్రాల కోసం నిన్న బడిలో దరఖాస్తు ఇచ్చాను. అమ్మాయి ఒకటో తరగతి వేరే బడిలో చదివింది కాబట్టి, రేపు అక్కడికి కూడా వెళుతున్నాను.