డెల్రిన్ బుష్ చక్‌లో ఓకే, మర్నాడు రిజెక్ట్! బోర్ ఎందుకు తగ్గుతోంది?

చింతల్ టర్నర్:
బాలానగర్ దగ్గర మాది చిన్న షెడ్డు. ప్యాకింగ్ మెషిన్లు చేసే పార్టీకి డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) బుష్‌లు, అంటే షాఫ్ట్ తిరిగే చిన్న గొట్టాలు, చేస్తున్నాం. బయట 12 మిల్లీమీటర్లు, బోర్ (లోపలి రంధ్రం) 8, దానికి హెచ్7 టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా). బ్లాంకులు కోసి, త్రీ-జా చక్‌లో (మూడు దవడల పట్టులో) పట్టి డ్రిల్, తర్వాత బోర్‌ని సైజుకి తెచ్చే రీమర్ వేస్తాం. చక్‌లో ఉండగానే గో గేజ్ (బోర్ సైజు సరిచూసే ప్లగ్) నున్నగా దిగుతుంది. మర్నాడు పార్టీ ఏసీ రూమ్‌లో గేజ్ దిగట్లేదని లాట్ మొత్తం వెనక్కి పంపారు. బోర్ డయల్ (లోపలి సైజు కొలిచేది) పెడితే ఎటు తిప్పినా 8 పైనే చూపిస్తోంది. ఇదే బుష్ ఇదివరకు ఇత్తడిలో చేసేవాళ్ళం, ఒక్కటీ తిరిగి రాలేదు. టెన్షన్‌గా ఉంది అన్నా.

కొత్త సీఎన్‌సీ:
నైలాన్‌కి మారండి భాయ్, రేటు కూడా తక్కువ.

టూల్‌రూమ్ పెద్దాయన:
నైలాన్ మాట ఎత్తకండి. అది గాలిలో తేమ పీలుస్తుంది, వానాకాలంలో సైజే మారిపోతుంది. డెల్రిన్ ఆ విషయంలో చాలా నయం.

తమ్ముడూ, నీ దగ్గర రెండు గొడవలు కలిసిపోయాయి. మొదటిది వేడి. హెచ్7 అంటే 8 బోర్‌కి నీకు దొరికేది 15 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). డెల్రిన్ ఒక్కో డిగ్రీకి మీటరుకు దాదాపు 110 మైక్రాన్లు పెరుగుతుంది. మీ షెడ్డులో 38 డిగ్రీలు, వాళ్ళ రూమ్‌లో 23 అనుకో: 8 మిల్లీమీటర్ల మీద 13 మైక్రాన్లు పోయినట్టే. డ్రిల్ రాపిడి వేడి దీనికి అదనం. స్టీల్ అయితే ఒకటిన్నర మైక్రాన్, ఇత్తడి అయినా రెండు పైచిలుకే. అందుకే అప్పుడు బతికిపోయావు.

రెండోది చక్. రెండు మిల్లీమీటర్ల గోడని మూడు జాలు నొక్కి పట్టినప్పుడు బోర్ గుండ్రంగానే వస్తుంది. వదిలాక మూడు మూలలు తేలుతుంది. నీ డయల్ ఎదురెదురు రెండు చోట్లే తాకుతుంది కాబట్టి ఈ వంకర దానికి చిక్కదు, ఎటు తిప్పినా ఒకటే చూపిస్తుంది. గో గేజ్ మాత్రం పట్టేస్తుంది. మూడు చోట్ల తాకే బోర్ మైక్రోమీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తిప్పి చూడు.

కాలెట్‌లో (చుట్టూ సమంగా పట్టే పట్టులో) పట్టు, లేదా రాడ్ మీదే బోర్ పూర్తి చేసి ఆఖర్న పార్టింగ్ చెయ్యి, అంటే కోసి విడదియ్యి. స్టీల్‌కి వాడిన రీమర్ వద్దు. మొద్దు అంచు ప్లాస్టిక్‌ని కోయదు, పక్కకి నెడుతుంది, రీమర్ బయటికొచ్చాక బోర్ మళ్ళీ ముడుచుకుంటుంది. అల్యూమినియంకి వాడే పదునైన, కోటింగ్ లేని ఇన్సర్ట్ (కోసే ముక్క) ఉన్న బోరింగ్ బార్‌తో ఫినిష్ చెయ్యి, ఎయిర్ కొట్టు. 0.3 మిల్లీమీటరు వదిలి రఫ్ చేసి, రాత్రంతా ఉంచి ఫినిష్ చేస్తే ఇంకా మంచిది.

చింతల్ టర్నర్:
కాలెట్ ఉంది అన్నా, రేపే పెడతా. ఏసీ మాత్రం పెట్టించలేను.

టూల్‌రూమ్ పెద్దాయన:
అక్కర్లేదు. ముందు డ్రాయింగ్ గురించి పార్టీతో మాట్లాడు. ఇత్తడి బుష్ డ్రాయింగ్‌లో మెటీరియల్ పేరొక్కటే మార్చినట్టుంది. ఈ బుష్‌ని హౌసింగ్‌లో (బుష్ కూర్చునే భాగంలో) బిగుతుగా ప్రెస్ చేస్తారా అని అడుగు. చేస్తే బోర్ అక్కడ ఇంకా తగ్గుతుంది, విడిగా ఉన్నప్పుడు హెచ్7 పట్టుకుని లాభం ఏముంది? 0.05 మిల్లీమీటరు టాలరెన్స్ ఇవ్వమను, ఏ టెంపరేచర్‌లో కొలవాలో కూడా డ్రాయింగ్ మీదే రాయించు.

చింతల్ టర్నర్:
ప్రెస్ చేస్తారట, ఇప్పుడే ఫోన్ చేశా. హౌసింగ్ ఒకటి పంపమన్నాను.